ఓర్లాండో థీమ్ పార్కుల ట్రిప్: కారు రెంట్‌కి తీసుకోవాలా, వద్దా?

ఓర్లాండోకి ఫ్లైట్ టికెట్లు బుక్ చేసిన ఊపులో, అదే సైట్‌లో పక్కన కనిపించే కారు కూడా చాలామంది బుక్ చేసేస్తారు. అమెరికాలో కారు లేకపోతే కాలు లేనట్టే కదా అని, అలవాటు కొద్దీ తీసుకునే నిర్ణయం అది. తీరా వెళ్ళాక ఆ కారు ట్రిప్‌లో ఎక్కువ రోజులు హోటల్ పార్కింగ్‌లోనే పడి ఉంటుంది. ఇంకొందరు దీనికి పూర్తిగా రివర్స్. డిస్నీ బస్సులు ఉన్నాయిగా అనే ధీమాతో కారు వద్దనుకుంటారు. బస మాత్రం డిస్నీ పక్క ఊరు కిసిమీలో ఎక్కడో లోపలి కాలనీలో అద్దె ఇంట్లో పెట్టుకుంటారు. ఆ తర్వాత పాలు కొనాలన్నా ఉబర్ పిలవాల్సిందే.

అందుకే కారు గురించి ముందే ఆలోచించకండి. ఎక్కడ ఉంటారు, ఏ రోజు ఎక్కడికి వెళ్తారు అన్న రెండూ తేలితే కారు సంగతి దానంతట అదే తేలిపోతుంది. ఈ గైడ్ ఆ వరసలోనే సాగుతుంది.

1. ముందు మ్యాప్ తెరవండి

ఓర్లాండో అంటే ఒకే చోట ఉన్న పార్కుల గుంపు కాదు. వాల్ట్ డిస్నీ వరల్డ్ అసలు ఓర్లాండో ఊళ్ళో లేదు. డౌన్‌టౌన్‌కి నైరుతి దిక్కున, సుమారు 20 మైళ్ళ దూరంలో ఉంది. దాదాపు 40 చదరపు మైళ్ళ సొంత స్థలంలో మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అనే నాలుగు పార్కులు విడివిడిగా ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్ళొచ్చు అనుకోకండి. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ మధ్య నడకదారి ఉంది కానీ మిగతావన్నీ వాహనం ఎక్కి వెళ్ళే దూరాలే.

యూనివర్సల్ (ఇంకో కంపెనీ పార్కులు) అక్కడి నుంచి ఈశాన్యంగా, ఐ-4 హైవే మీద డౌన్‌టౌన్ వైపు వెళ్తుంటే వస్తుంది. దాని పాత పార్కులు రెండూ పక్కపక్కనే ఉంటాయి, వాల్కనో బే వాటర్ పార్కు కూడా అక్కడే. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ మాత్రం వాటికి కొన్ని మైళ్ళ దూరంలో, కన్వెన్షన్ సెంటర్ దగ్గర ఉంది. సీవరల్డ్ కూడా ఇంటర్నేషనల్ డ్రైవ్ ప్రాంతంలోనే వస్తుంది. లెగోలాండ్ అయితే వింటర్ హేవెన్ అనే వేరే ఊళ్ళో ఉంది. కెనడీ స్పేస్ సెంటర్ తూర్పు తీరంలో, డిస్నీ నుంచి గంట పైన డ్రైవ్.

మీరు వెళ్ళాలనుకున్నవన్నీ మ్యాప్ మీద గుర్తు పెట్టండి. గుర్తులన్నీ ఒకే చోట పడితే కారు అవసరం తగ్గుతుంది. చెల్లాచెదురుగా పడితే పెరుగుతుంది.

2. బస ఎక్కడో తేల్చుకోండి

అసలు విషయమంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

డిస్నీ సొంత హోటళ్ళలో ఉంటే నాలుగు పార్కులకీ, వాటర్ పార్కులకీ, డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపులూ రెస్టారెంట్ల సెంటర్‌కీ రవాణా ఉచితం. బస్సులు అన్ని హోటళ్ళకీ ఉంటాయి. కొన్ని హోటళ్ళకి మోనోరైల్, కొన్నింటికి పడవలు అదనం. 2019 సెప్టెంబర్‌లో మొదలైన స్కైలైనర్ అనే కేబుల్ కార్ల లైన్ కరీబియన్ బీచ్, రివియేరా, పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్ళని ఎప్‌కాట్‌తో, హాలీవుడ్ స్టూడియోస్‌తో కలుపుతుంది. కారు లేకుండా వెళ్ళాలని ఉంటే నేను ముందు చూసేది ఈ స్కైలైనర్ హోటళ్ళనే. బస్సు కోసం ఎదురుచూసే పని ఉండదు, క్యాబిన్లు వరసగా వస్తూనే ఉంటాయి. ఒక్క ఇబ్బంది ఏంటంటే, ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులు మామూలే. మెరుపులుంటే స్కైలైనర్ ఆపేస్తారు, అప్పుడు బస్సే దిక్కు.

డిస్నీ బస్సులతో కుదరనివి కూడా తెలుసుకోవాలి. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి నేరుగా బస్సు ఉండదు. ఏదైనా పార్కులోనో డిస్నీ స్ప్రింగ్స్‌లోనో మారాలి. వేరే హోటల్‌లో ఉన్న చుట్టాల్ని కలవాలన్నా, అక్కడి రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చేసుకున్నా, ఆ మారడానికే గంట పోవచ్చు. అలాంటి ఒకటి రెండు సందర్భాలకి ఉబరో లిఫ్టో పిలుచుకుంటే సరిపోతుంది. వాటి కోసం ఐదు రోజులు కారు పెట్టుకోనక్కర్లేదు.

యూనివర్సల్ హోటళ్ళదీ దాదాపు ఇదే పద్ధతి. హార్డ్ రాక్, పోర్టోఫినో బే, రాయల్ పసిఫిక్ నుంచి పాత పార్కులకి నడిచిగానీ పడవలోగానీ వెళ్ళిపోవచ్చు. మిగతా హోటళ్ళకి షటిల్ బస్సులు ఉంటాయి. ఒక తేడా గుర్తుపెట్టుకోండి. డిస్నీ హోటళ్ళలో సెల్ఫ్ పార్కింగ్ 2023 జనవరి నుంచి మళ్ళీ ఉచితం అయింది. యూనివర్సల్ హోటళ్ళలో మాత్రం రాత్రి పార్కింగ్‌కి డబ్బు కట్టాలి. కారు కదలని రోజుకి కూడా బిల్లు పడుతుంది.

ఇంటర్నేషనల్ డ్రైవ్ మీదా, లేక్ బ్యూనా విస్టా ప్రాంతంలో ఉన్న బయటి హోటళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. "పార్కులకు ఉచిత షటిల్" అని రాసి ఉంటుంది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. రోజుకి ఎన్ని ట్రిప్పులు? సీటు ముందు రోజే రిజర్వ్ చేసుకోవాలా? రాత్రి ఫైర్‌వర్క్స్ అయ్యాక ఆఖరి షటిల్ ఎన్ని గంటలకి? పొద్దున రెండు, రాత్రి రెండు మాత్రమే అంటే ఆ షటిల్ లేనట్టే లెక్కేసుకోండి. మధ్యాహ్నం పిల్లలు అలిసిపోతే గదికి వచ్చే దారే ఉండదు.

ఇక కిసిమీ, డేవెన్‌పోర్ట్ వైపు నాలుగైదు బెడ్‌రూముల వెకేషన్ హోమ్స్. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళేటప్పుడు ఇవి చాలా బాగుంటాయి. కిచెన్ ఉంటుంది, పెద్దవాళ్ళకి ఇంటి భోజనం వండిపెట్టొచ్చు. ఇక్కడ దిగుతుంటే కారు తీసుకోండి, దీని మీద పెద్దగా ఆలోచించక్కర్లేదు. కాలనీ గేటు నుంచి మెయిన్ రోడ్డుకే చాలా దూరం ఉంటుంది.

3. ప్రయాణానికో గీత గీయండి

ఒక కాగితం మీద ట్రిప్‌లోని రోజులన్నీ రాసి, ప్రతి రోజు ఎదురుగా ఆ రోజు చేసే ఒక్కో ప్రయాణానికి ఒక్కో గీత గీయండి. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి, హోటల్ నుంచి పార్కుకి, పార్కు నుంచి హోటల్‌కి, ఇలా. వీటిలో బస్సు, పడవ, నడకతో అయిపోయేవి కొట్టేయండి. మిగిలినవే మీకు నిజంగా కారు కావాల్సిన ప్రయాణాలు.

డిస్నీ హోటల్‌లో ఉండి డిస్నీ పార్కులే చూసేవాళ్ళకి చివరికి రెండు గీతలు మిగులుతాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి రావడం, తిరిగి వెళ్ళడం. ఒకప్పుడు ఆ రెండింటికీ మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ అని డిస్నీయే ఉచిత బస్సు నడిపేది. 2022 మొదట్లో అది ఆగిపోయింది. ఇప్పుడు టికెట్ కొని షటిల్ ఎక్కాలి, లేదా రైడ్ (ఉబర్, లిఫ్ట్ లాంటి క్యాబ్) పిలవాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీకి సుమారు 20 మైళ్ళు, ట్రాఫిక్ లేకపోతే అరగంట.

కెనడీ స్పేస్ సెంటర్‌కో, కోకో బీచ్‌కో, లెగోలాండ్‌కో ఒక రోజు పెట్టుకుంటే ఆ గీతని గట్టిగా గీయండి. అంత దూరం రైడ్‌లో వెళ్ళడానికి ఎంతో కొంత పెట్టగలిగినా, తిరిగి రావడానికి అక్కడ బండి దొరకడమే కష్టం.

4. కారు ఉంటే నిజంగా టైమ్ కలిసొస్తుందా?

ప్రతిసారీ కాదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌నే తీసుకోండి. మీరు కారు ఆపే చోటు పార్కు ముందు కాదు. సెవెన్ సీస్ లగూన్ అనే చెరువుకి ఇవతలి ఒడ్డున, ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర ఆపాలి. కారు దిగి ట్రామ్ ఎక్కాలి, లేదా నడవాలి. సెక్యూరిటీ దాటాలి. ఆ తర్వాత మోనోరైలో పెద్ద ఫెర్రీయో ఎక్కి చెరువు దాటితే అప్పుడు పార్కు గేటు వస్తుంది. ఉబర్ కూడా మిమ్మల్ని ఈ ఒడ్డునే దింపుతుంది. అదే డిస్నీ హోటల్ బస్సు అయితే చెరువు అవతల, గేటుకి కొద్ది అడుగుల దూరంలో ఆగుతుంది. రాత్రి ఫైర్‌వర్క్స్ అయ్యాక వేలమంది ఒకేసారి మోనోరైల్ వైపు కదిలినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

యానిమల్ కింగ్‌డమ్‌కి మోనోరైల్ లేదు, స్కైలైనర్ లేదు. బస్సో కారో తప్ప వేరే మార్గం లేదు, ఇక్కడ కారు ముందుంటుంది. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్‌లో పార్కింగ్ గేటు దగ్గరే కాబట్టి కారు తేలిగ్గానే ఉంటుంది.

5. డబ్బు లెక్క

వెబ్‌సైట్‌లో కనిపించే రోజు అద్దె అసలు ఖర్చులో ఒక ముక్క మాత్రమే. దాని మీద సేల్స్ ట్యాక్స్, రోజుకి 2 డాలర్ల ఫ్లోరిడా సర్‌చార్జి, ఎయిర్‌పోర్ట్‌లో తీసుకుంటే ఎయిర్‌పోర్ట్ ఫీజులు పడతాయి. డ్రైవర్‌కి 25 ఏళ్ళు నిండకపోతే ఇంకో రోజువారీ ఫీజు. ఆపైన గ్యాస్ (పెట్రోల్), టోల్, పార్కింగ్. డిస్నీ పార్కుల్లో మామూలు పార్కింగ్ 2023 అక్టోబర్‌లో రోజుకి 25 నుంచి 30 డాలర్లకి పెరిగింది. వెళ్ళే ముందు తాజా రేటు చూసుకోండి. డిస్నీ హోటల్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఉచితం. బయట ఉన్నవాళ్ళు ఒకసారి కడితే అదే రోజు మిగతా డిస్నీ పార్కులకి కూడా చెల్లుతుంది. డిస్నీ స్ప్రింగ్స్‌లో పార్కింగ్ అందరికీ ఉచితం.

ఎలా లెక్కేయాలో చూపించడానికి కొన్ని అంకెలు అనుకుందాం. మీరు మీ రేట్లు వేసుకోండి. నలుగురు, 6 రోజులు, కారు రోజుకి 55 డాలర్లు. అద్దె 330, ట్యాక్సులూ ఫీజులూ 90, గ్యాస్ 30, టోల్ 15. మొత్తం 465. ఇది డిస్నీ హోటల్‌లో ఉండి, పార్కింగ్‌కి పైసా కట్టకుండా. కారు లేకుండా అదే ట్రిప్ చేస్తే ఎయిర్‌పోర్ట్ రైడ్లు రెండు కలిపి 110, మధ్యలో చిన్న రైడ్లు నాలుగు వేసుకుంటే 60, మొత్తం 170. కారు దాదాపు 300 డాలర్లు ఎక్కువ. ఆ డబ్బుకి మీకు దక్కేది కేవలం సౌకర్యం. అది మీకు అంత విలువైనదా కాదా అన్నది మీరే చెప్పగలరు.

అదే నలుగురూ కిసిమీ ఇంట్లో ఉంటే కారు ఖర్చుకి నాలుగు రోజుల పార్కింగ్ 120 కలుస్తుంది, గ్యాస్, టోల్ ఇంకాస్త పెరుగుతాయి. మొత్తం 600 దాకా. రైడ్ల మీద ఆధారపడితే ఎయిర్‌పోర్ట్‌కి 140, పార్కులకి రానూపోనూ ఎనిమిది రైడ్లు 240, సరుకులకి 60. మొత్తం 440. కాగితం మీద రైడ్లే చవక. కానీ పార్కు మూసే టైమ్‌లో రేటు ఒక్కసారిగా పెరగడం, బండి కోసం పిల్లల్ని పెట్టుకుని నిలబడటం ఇందులో లేవు. పైగా ఏడుగురు ఉంటే పెద్ద బండ్లే పిలవాలి కాబట్టి రైడ్ల ఖర్చు రెట్టింపు దగ్గరికి వెళ్తుంది. మినీవ్యాన్ అద్దె అంతలా పెరగదు, పార్కింగ్ అసలే పెరగదు. మనుషులు పెరిగేకొద్దీ కారే లాభం.

6. పిల్లలు, పెద్దవాళ్ళు, డ్రైవ్ చేసే మనిషి

ఫ్లోరిడా చట్టం ప్రకారం 5 ఏళ్ళు, ఆ లోపు పిల్లలకి కార్ సీట్ తప్పనిసరి. 4, 5 ఏళ్ళ వాళ్ళకి బూస్టర్ అయినా సరిపోతుంది. రైడ్ పిలిచిన ప్రతిసారీ ఆ సీటు బిగించాలి, పార్కుకి వెళ్తే దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. లిఫ్ట్ యాప్‌లో దొరికే డిస్నీ వాళ్ళ 'మిన్నీ వ్యాన్' క్యాబుల్లో కార్ సీట్లు ఉంటాయి కానీ రేటు మామూలు రైడ్ కన్నా బాగా ఎక్కువ. డిస్నీ బస్సుల్లో కార్ సీట్ గొడవ లేదు. అయితే స్ట్రోలర్ మడిచి పట్టుకోవాలి. రాత్రి పది దాటాక, నిద్రపోయిన రెండేళ్ళ పిల్లని భుజాన వేసుకుని, ఒక చేత్తో మడిచిన స్ట్రోలర్, ఇంకో భుజానికి డైపర్ బ్యాగ్‌తో నిండిపోయిన బస్సులో నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే, పైన చెప్పిన 300 డాలర్లు పెట్టడం తప్పేమీ కాదని నా అభిప్రాయం.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు వస్తుంటే బస్టాప్ హోటల్ గదికి ఎంత దూరమో చూడండి. కరీబియన్ బీచ్ లాంటి హోటళ్ళు చాలా విశాలంగా ఉంటాయి. వాళ్ళకి మధ్యాహ్నం రెస్ట్ కావాలనిపిస్తే, ఒకళ్ళు కారులో వదిలిపెట్టి రావడం పెద్ద సుఖం.

డ్రైవ్ చేసే మనిషి సంగతి చాలామంది మర్చిపోతారు. పొద్దున ఏడింటి నుంచి ఎండలో తిరిగి, రాత్రి పదకొండుకి ఐ-4 ట్రాఫిక్‌లో కొత్త దారిలో నడపాల్సింది ఎవరు? వాళ్ళని ముందే అడగండి. వాళ్ళకీ ఇది వెకేషనే. ఎప్‌కాట్‌లో ఒక డ్రింక్ తీసుకోవాలని వాళ్ళకీ ఉంటే ఆ రాత్రి స్టీరింగ్ పట్టకూడదు. ఆ రోజుకి బస్సో రైడో రాసుకోండి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు డ్రైవ్ చేస్తుంటే, కుడివైపు డ్రైవింగ్‌కి అలవాటుపడటానికి రాత్రివేళ ఐ-4 సరైన చోటు కాదు. లైసెన్స్‌తో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకుంటే కౌంటర్ దగ్గర మాటలు తగ్గుతాయి.

7. మధ్యేమార్గం: కొన్ని రోజులకే కారు

నా లెక్కలో ఎక్కువ కుటుంబాలకి సరిపోయేది ఇదే. పార్కు రోజులన్నీ ముందు పెట్టుకోండి, కారు అవసరమైన రోజులన్నీ చివరికి జరపండి. మొదటి నాలుగు రోజులు బస్సులతో పార్కులు చూసి, ఐదో రోజు పొద్దున కారు తీసుకుని స్పేస్ సెంటర్ చూసుకుని, కోకో బీచ్‌లో కాసేపు గడిపి, మర్నాడు ఎయిర్‌పోర్ట్‌లో కారు వదిలేసి ఫ్లైట్ ఎక్కొచ్చు. వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్ రైడ్ ఖర్చు కూడా మిగులుతుంది.

ఇందులో చూసుకోవాల్సినవి మూడు. ఒకచోట తీసుకుని ఇంకోచోట వదిలినందుకు డ్రాప్ ఫీజు ఉందా? ఊళ్ళోని బ్రాంచి ఆదివారం తెరుస్తారా, ఎన్ని గంటలకి మూస్తారు? అద్దె 24 గంటల లెక్కన పడుతుంది కాబట్టి పదింటికి తీసుకుంటే మర్నాడు పదింటికే తిరిగి ఇవ్వగలరా?

సరుకుల కోసమే కారు అనుకుంటుంటే ఆ ఆలోచన మానుకోండి. ఇన్‌స్టాకార్ట్ లాంటివి హోటల్‌కే తెచ్చిస్తాయి. డిస్నీ హోటళ్ళలో మీరు గదిలో లేకపోతే బెల్ సర్వీసెస్ వాళ్ళు చిన్న ఫీజు తీసుకుని దాచిపెడతారు.

8. కారే అని తేలితే

రద్దు చేసుకోగలిగే రేటుకి ముందే బుక్ చేసి, ట్రిప్ దగ్గరపడేలోపు అప్పుడప్పుడు రేటు చూస్తూ ఉండండి. తగ్గితే కొత్తగా బుక్ చేసి పాతది రద్దు చేయండి. ఎయిర్‌పోర్ట్ టెర్మినల్లోనే కౌంటర్ ఉన్న కంపెనీయా, షటిల్ ఎక్కి బయటికి పోవాల్సిందా అని చూడండి. చవకగా కనిపించేవి చాలావరకు రెండో రకం. చిన్న పిల్లలతో అర్ధరాత్రి దిగేవాళ్ళకి ఆ ఆదా గిట్టుబాటు కాదు. కార్ సీట్ కంపెనీ దగ్గర అద్దెకి తీసుకునే బదులు ఇంటి నుంచే తెచ్చుకోండి. అమెరికాలోని పెద్ద ఎయిర్‌లైన్లు దాన్ని ఉచితంగానే చెక్-ఇన్ చేస్తాయి.

ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర తేల్చుకునే విషయం కాదు. అమెరికాలో ఉండేవాళ్ళు ముందు రోజే తమ ఆటో పాలసీ (సొంత కారు ఇన్సూరెన్స్) రెంటల్ కారుకి వర్తిస్తుందో లేదో, క్రెడిట్ కార్డు ఏం కవర్ చేస్తుందో కనుక్కోవాలి. కార్డు కవరేజి సాధారణంగా అద్దె కారుకి జరిగే డ్యామేజీకే. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి, అంటే లయబిలిటీకి అది వర్తించదు. అమెరికాలో ఆటో పాలసీ లేకుండా బయటి దేశం నుంచి వచ్చి నడిపేవాళ్ళు ఈ లయబిలిటీ కవర్ లేకుండా రోడ్డెక్కకూడదు.

టోల్ సంగతి. ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీకి తీసుకెళ్ళే 528, 417 రెండూ టోల్ రోడ్లే. కంపెనీ టోల్ ప్లాన్ ఒప్పుకుంటే అసలు టోల్ కన్నా వాళ్ళ రోజువారీ ఫీజే ఎక్కువైపోవచ్చు. ఓర్లాండో ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుని అక్కడే వదిలేవాళ్ళకి సెంట్రల్ ఫ్లోరిడా ఎక్స్‌ప్రెస్‌వే అథారిటీ వాళ్ళ విజిటర్ టోల్ పాస్ ఉచితంగా దొరుకుతుంది. ముందే యాప్‌లో రిజిస్టర్ చేసుకుని, ఎయిర్‌పోర్ట్‌లో పాస్ తీసుకుని అద్దానికి తగిలించుకోవాలి. టోల్ నేరుగా మీ కార్డు మీద పడుతుంది.

పార్కులో కారు ఆపగానే వరస నంబరు బోర్డుకి ఫోటో తీయండి. రాత్రి ఆ మైదానంలో తెల్ల ఎస్‌యూవీలన్నీ ఒకేలా ఉంటాయి. కారు తీసుకున్నప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు కూడా నాలుగు వైపులా వీడియో తీసి పెట్టుకోండి, గ్యాస్ మీటర్‌తో సహా. తిరుగు ప్రయాణం రోజు గ్యాస్ ఎయిర్‌పోర్ట్ గేటు దాకా వెళ్ళి కొట్టించకండి, అక్కడి బంకుల్లో రేట్లు ఎక్కువ. హోటల్ దగ్గరే నింపేసి, టోల్ పాస్ డబ్బాలో వేసి, తాళం ఇచ్చేయండి.